సేవ్ చేసినా సీఎస్ఎస్ మారడం లేదు: డెవలప్‌మెంట్‌లో ఆటోమేటిక్ కంపైల్ గురించి మీ అనుభవాలు చెప్పండి

రాత్రిపాళీ:
విండోస్ లాప్‌టాప్‌లో డబ్ల్యూఎస్ఎల్2 (విండోస్ లోపలే లినక్సును నడిపే ఏర్పాటు) మీద ఒక లారావెల్ (పీహెచ్‌పీ వెబ్ ఫ్రేమ్‌వర్క్) ప్రాజెక్టు నడుపుతున్నాను. కోడ్ సీ డ్రైవులో ఉంది, వీట్ (సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ ఫైళ్ళను కంపైల్ చేసి బ్రౌజర్‌కు అందించే పనిముట్టు) డెవ్ సర్వర్ మాత్రం ఆ లినక్సు, అంటే ఉబుంటు, టెర్మినల్‌లో నడుస్తోంది. శాస్ (సీఎస్ఎస్‌గా కంపైల్ అయ్యే స్టైల్ భాష) ఫైలును సేవ్ చేసినప్పుడు బ్రౌజర్‌లో ఏ మార్పూ కనిపించదు. సర్వర్‌ను ఆపి మళ్ళీ మొదలుపెడితే కనిపిస్తుంది. టెర్మినల్‌లో ఎర్రర్ ఏదీ లేదు. ఇటువంటి ఇబ్బంది పడినవారు ఎలా సరిచేసుకున్నారో తెలుపగలరు.

గోదారిగట్టు:
రాత్రిపాళీ గారూ, ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఉబుంటు టెర్మినల్‌లోనే ఆ శాస్ ఫైలు మీద టచ్ కమాండ్ (ఫైలు మారిన సమయాన్ని మాత్రమే తాజా చేసేది) ఇవ్వండి. అప్పుడు వెంటనే కంపైల్ జరిగి, విండోస్‌లోని ఎడిటర్‌లో సేవ్ చేసినప్పుడు మాత్రం జరగకపోతే, వీట్‌లో లోపం లేనట్టే. వీట్ మామూలుగా ఫైళ్ళను పదేపదే తెరిచి చూడదు. ఫైలు మారిందన్న కబురు ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి వస్తేనే పని మొదలుపెడుతుంది. లినక్సులో ఆ కబురు తెచ్చేది ఐనోటిఫై. డబ్ల్యూఎస్ఎల్2లో లినక్సు ఒక వర్చువల్ మెషీన్‌లో నడుస్తుంది కాబట్టి, విండోస్ వైపు నుంచి సీ డ్రైవులో జరిగిన మార్పు సంగతి లినక్సు కెర్నల్‌కు (దాని మూలభాగానికి) తెలియదు.

ప్రాజెక్టును ఉబుంటు హోమ్ ఫోల్డరులోకి క్లోన్ చేసుకొని (గిట్ ద్వారా నకలు తెచ్చుకొని), వీఎస్ కోడ్‌లో డబ్ల్యూఎస్ఎల్ ఎక్స్‌టెన్షన్ ద్వారా తెరవడమే నేను చెప్పే మార్గం. ఫైళ్ళు చదవడం కూడా గమనించదగినంత వేగమవుతుంది.

పాతకాపు:
అందరికీ చోటు మార్చే వీలుండదు కదండీ. వీట్ కాన్ఫిగ్‌లో సర్వర్ కింద వాచ్, దాని కింద యూజ్‌పోలింగ్ అనే ఆప్షన్‌ను ట్రూ చేస్తే, కబురు కోసం ఎదురుచూడకుండా నిర్ణీత వ్యవధికోసారి తానే ఫైళ్ళను చూసుకుంటుంది. అయితే ప్రాజెక్టు పెద్దదైనకొద్దీ సీపీయూ మీద భారం పెరుగుతుంది, లాప్‌టాప్ ఫ్యాను మోత మీకే వినిపిస్తుంది. లారావెల్‌లోని వెండర్ (బయటి లైబ్రరీలు), స్టోరేజ్ (లాగ్‌లు, క్యాష్) ఫోల్డర్లను ఇగ్నోర్డ్ (గమనించనక్కర్లేని వాటి) జాబితాలో చేర్చకుండా పోలింగ్ పెట్టవద్దని నా సలహా.

కెర్నల్‌బాబు:
ఇది ఈ సమస్య కాకపోయినా, నేరుగా లినక్సు వాడేవారికి పనికొస్తుంది. అక్కడ ఒక్కోసారి ఈఎన్ఓఎస్‌పీసీ అనే ఎర్రర్ వస్తుంది. డిస్కు నిండిందనుకొని ఫైళ్ళు తుడిచేసేవారు ఉన్నారు. నిజానికి నిండింది ఐనోటిఫైలో ఒక యూజరు పెట్టగలిగే వాచ్‌ల (గమనింపుల) సంఖ్య. పాత కెర్నళ్ళలో ఆ పరిమితి 8192 మాత్రమే. 5.11 నుంచి మెమరీని బట్టి కెర్నలే దానిని నిర్ణయిస్తుంది. పాత కెర్నల్ అయితే సిస్‌కంట్రోల్ (కెర్నల్ సెట్టింగులు మార్చే కమాండ్) ద్వారా 524288కి పెంచుకోవడం వాడుకలో ఉన్న పద్ధతి.

చీకటిగది:
మరొక సంగతి. వీట్ నడుస్తున్నంతసేపు లారావెల్ పబ్లిక్ ఫోల్డరులో హాట్ అనే చిన్న ఫైలు ఉంటుంది. అందులో డెవ్ సర్వర్ చిరునామా, సాధారణంగా 5173 పోర్టుతో, రాసి ఉంటుంది. ఆ ఫైలు ఉంటే పేజీ డెవ్ సర్వర్‌ను అడుగుతుంది, లేకపోతే బిల్డ్ ఫోల్డరులోని పాత సీఎస్ఎస్‌ను తెచ్చుకుంటుంది. టెర్మినల్ అర్ధాంతరంగా మూతపడి ఆ ఫైలు మిగిలిపోతే పేజీకి స్టైలే ఉండదు. దానిని తొలగిస్తే సరిపోతుంది. రూబీ వెబ్ ఫ్రేమ్‌వర్క్ అయిన రైల్స్‌లో దీనికి దగ్గరి చిక్కు ఒకటుంది: సొంత మెషీన్‌లో ప్రీకంపైల్ (ముందే కంపైల్) చేసిన ఫైళ్ళు పబ్లిక్ అసెట్స్‌లో ఉండిపోతే, ఎంత మార్చినా పాతవే వస్తాయి. అసెట్స్ క్లాబర్ టాస్కు నడిపితే పోతాయి.

రాత్రిపాళీ:
గోదారిగట్టు గారు చెప్పినట్టే జరిగింది: టచ్ ఇస్తే కంపైల్ అయింది, ఎడిటర్‌లో సేవ్ చేస్తే కాలేదు. హోమ్ ఫోల్డరులోకి క్లోన్ చేశాక సేవ్ చేసిన మరుక్షణమే రంగు మారుతోంది. మా బృందంలో ఒకరు మాత్రం సీ డ్రైవులోనే ఉంచుకుంటామంటున్నారు. వారి కోసం కాన్ఫిగ్‌లో పోలింగ్ పెడితే మిగిలినవారి మెషీన్ల మీదా ఆ భారం పడుతుంది కదా?

పాతకాపు:
కాన్ఫిగ్‌ను ముట్టుకోకండి. ఫైళ్ళ మార్పులను గమనించడానికి వీట్ లోపల వాడే చోకిడార్ లైబ్రరీ, చోకిడార్ అండర్‌స్కోర్ యూజ్‌పోలింగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను చదువుతుంది. పేరంతా పెద్ద అక్షరాల్లో ఉండాలి. వారి ఉబుంటులోని బ్యాష్‌ఆర్‌సీలో (టెర్మినల్ తెరిచినప్పుడల్లా నడిచే సెట్టింగుల ఫైలులో) దానికి 1 అని ఇచ్చి ఎక్స్‌పోర్ట్ చేయిస్తే, పోలింగ్ వారి ఒక్కరి మెషీన్‌కే వర్తిస్తుంది.