ఐపీఎస్ కణాల (మామూలు కణాల్ని వెనక్కి తిప్పి చేసిన మూలకణాలు) నుంచి చేసిన లివర్ సెల్స్‌కి వైరస్ ఎక్కట్లేదు, ఎవరైనా చెప్పండి

ప్రశ్న:
పొద్దుట్నుంచి ఇదే పట్టుకుని కూర్చున్నా, తల పగిలిపోతోంది. సెల్స్ బాగా వచ్చాయి, పలకల్లా అంచులు కలుపుకుని కూర్చున్నాయి, లివర్ చేసే ప్రోటీన్ ఆల్బుమిన్ కూడా ఉంది. వైరస్ వేసిన మర్నాడు ఎలైజా పరీక్షలో వైరస్ పైపొర ప్రోటీన్ ఎస్ యాంటిజెన్ బ్రహ్మాండంగా కనిపించింది, తర్వాత పడిపోతూ వచ్చి ఇప్పుడు ఏమీ లేదు. సెల్స్ మాత్రం బతికే ఉన్నాయి. ఎందుకిలా అవుతోంది?

జవాబు 1:
ఏ వైరస్? హెపటైటిస్ బీయేనా? వైరస్ కణాలకి అంటుకోవడానికి సాయపడే పాలిమర్ పెగ్ వేశారా?

జవాబు 2:
ముందు వీటిని హెపటోసైట్లు (అసలైన లివర్ కణాలు) అనుకోవడం మానాలండీ. ఆల్బుమిన్ పిండం లివర్‌లోనూ ఉంటుంది, దాన్ని చూసి పక్వానికి వచ్చాయనుకుంటే ఎలా? పిండదశలో లివర్ చేసే ప్రోటీన్ ఏఎఫ్‌పీ కొలవండి, అది దిగకుండా ఉందంటే ఇంకా పిండదశ పోలికలు పోలేదన్నమాట. జపాన్ శాస్త్రవేత్త యమనాకా బృందం 2007లో మనిషి ఐపీఎస్ కణాలు చేసి చూపించినా పూర్తి పెద్దవాళ్ల లివర్ కణం ఇప్పటికీ ఎవరి ప్లేట్‌లోనూ రావట్లేదు. అసలు దాత లివర్ కణాలే వాడుకోవచ్చు కదా?

జవాబు 3:
దాత కణాలు ప్లేట్‌లో కొద్దిరోజులకే గుణం పోగొట్టుకుంటాయి, పైగా ఒక్కో దాతది ఒక్కో తీరు. ఐపీఎస్ అయితే ఒకే మనిషి కణాలు ఎన్నిసార్లైనా చేసుకోవచ్చు, ఒక జన్యువు తీసేసి పక్కపక్కనే పెట్టి పోల్చొచ్చు, అందుకే ఇంత కష్టపడేది.

అడిగినాయనకి: లివర్ కణం పైన ఉండే ఎన్‌టీసీపీ అనే ప్రోటీన్ చూడండి. ఈ వైరస్ లోపలికి వెళ్లే ద్వారం అదేనని 2012లో బీజింగ్ బృందం తేల్చింది, మామూలు హెప్‌జీ2కి (ల్యాబ్‌లో పెంచే లివర్ క్యాన్సర్ కణాలు) వైరస్ ఎక్కనిది అది దాదాపు లేకే. మర్నాడు కనిపించిన యాంటిజెన్ మీరు పోసిందే అయ్యుంటుంది, స్టాక్‌లో (పోసే వైరస్ ద్రవంలో) అసలు వైరస్ కన్నా ఖాళీ కణికలే ఎన్నో రెట్లు ఎక్కువ. గట్టిగా కడగండి. ప్లేట్‌లోని ఒక వెల్‌లో (గుంటలో) వైరస్‌కి ముందే ఎన్‌టీసీపీని మూసేసే మందు బులెవిర్టైడ్ వేయండి, అందులోనూ అదే రీడింగ్ వస్తే ఇన్‌ఫెక్షన్ లేనట్టే.

అడిగినవారు:
హెచ్‌బీవీనే (హెపటైటిస్ బీ వైరస్), అది తెలుస్తుందనుకున్నా. పెగ్ వేస్తే సెల్స్ చచ్చిపోతాయని వేయలేదు. వైరస్ అంటే హెప్‌జీ2.2.15 మీడియం (ఈ వైరస్‌ని తయారుచేసే కణాలు పెరిగిన ద్రవం), గాఢం చేయకుండా నేరుగా పోశాం.

జవాబు 1:
4 శాతం పెగ్ 8000, రాత్రంతా. స్టాక్ గాఢం చేయండి.

జవాబు 2:
ఏఎఫ్‌పీ సంగతి మాత్రం వదిలేయకండి, కణాలు పచ్చిగా ఉంటే ఎన్‌టీసీపీ కూడా సరిగా రాదు.

జవాబు 3:
ఇది ఒప్పుకుంటా. అందుకే డిఫరెన్షియేషన్ (మూలకణాన్ని లివర్ కణంగా మార్చడం) చివరి దశలో, జన్యువు ఎంత పనిచేస్తుందో కొలిచే క్యూపీసీఆర్ పెట్టి ఎన్‌టీసీపీ చూశాకే వైరస్ వేయాలి.

అడిగినవారు:
ల్యాబ్‌లో బులెవిర్టైడ్ లేదు, ఆర్డర్ పెట్టాలి. థాంక్సండీ.