1064 ఎర్రర్: ఎస్కేప్ చేస్తే చాలా, ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లకి మారాల్సిందేనా?

అడుగుతున్నది: కొత్త డెవలపర్
ఒక కోచింగ్ సెంటర్ రిజల్ట్స్ సైట్ నా చేతికొచ్చింది. పాత పీహెచ్‌పీ కోడ్, వెనకాల మైఎస్‌క్యూఎల్ డేటాబేస్. పేరుతో వెతికే పేజీలో అందరూ దొరుకుతున్నారు, డి'సౌజా అని కొడితే మాత్రం 1064 సింటాక్స్ ఎర్రర్. ఎర్రర్ మెసేజ్‌లో "నియర్" తర్వాత "సౌజా" అని చూపిస్తోంది. యూజర్ కొట్టిన పేరుని కోట్స్ మధ్య నేరుగా క్వెరీలో, అంటే డేటాబేస్‌ని అడిగే వాక్యంలో, అతికించారు. ఇలాంటి క్వెరీలు రెండు వందల దాకా ఉన్నాయి. పేరుని ఎస్కేప్ చేసి, అంటే అందులోని కోట్ ముందు బ్యాక్‌స్లాష్ పెట్టి, వదిలేయమంటున్నారు సీనియర్. మొత్తం ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లకి, అంటే క్వెరీని, విలువని విడివిడిగా ఇచ్చే పద్ధతికి, మార్చాలని నాకుంది. సోమవారం రిజల్ట్స్, టెన్షన్‌గా ఉంది.

పాత కోడ్ చూసేవాడు
మీ సీనియర్ చెప్పిందే చెయ్యి తమ్ముడూ. నడుస్తున్న క్వెరీలన్నీ మూడు రోజుల్లో కదిలిస్తే ఇంకోటి విరుగుతుంది. పీహెచ్‌పీ మైఎస్‌క్యూఎల్ఐలో ఎస్కేప్ చేసే రియల్ ఎస్కేప్ స్ట్రింగ్ ఫంక్షన్ ఉంది, అది పెట్టి సోమవారం గట్టెక్కు.

సెక్యూరిటీ వైపు
నేను ఒప్పుకోను. అక్కడ జరిగిందేమిటో చూడండి. "డి" పక్కనున్న కోట్ దగ్గర పేరు అయిపోయిందనుకుంది డేటాబేస్. మిగిలిన "సౌజా"ని కమాండ్‌లా చదవబోయి, అర్థం కాక ఆగింది. ఆ చోట అర్థమయ్యే కమాండ్ ఎవరైనా రాస్తే ఎర్రర్ కూడా రాదు, పిల్లల ఫోన్ నంబర్లన్నీ బయటికొస్తాయి.

ఎస్కేప్ కూడా అన్నిచోట్లా కాపాడదు. స్టూడెంట్ ఐడీని కోట్స్ లేకుండా రాసుంటారు కదా, అక్కడ "5 ఆర్ 1=1" (ఐడీ 5 లేదా ఎప్పుడూ నిజమయ్యేది) అని కొడితే అందరి వివరాలూ వస్తాయి, ఎస్కేప్ చేయడానికి అందులో కోటే లేదు. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌లో క్వెరీ రూపం ముందే ఖాయమవుతుంది, విలువ విలువగానే ఉంటుంది.

పాత కోడ్ చూసేవాడు
ఐడీ సంగతి నిజమే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ప్రిపేర్డ్ పెడితే 1064 పోతుందని ఈ అబ్బాయికి ఆశ పెట్టొద్దు. వరసలో పెట్టే ఆర్డర్ బై తర్వాత కాలమ్ పేరుని ప్లేస్‌హోల్డర్‌తో (విలువ కోసం ఖాళీగా వదిలే గుర్తుతో) పంపలేం, అనుమతించిన పేర్ల జాబితా కోడ్‌లోనే ఉండాలి. పీహెచ్‌పీలో డేటాబేస్‌తో మాట్లాడే పీడీఓలో ఎమ్యులేషన్ (విలువల్ని పీడీఓనే క్వెరీలో అతికించడం) ఆన్‌లో ఉండగా విలువల్ని ఎగ్జిక్యూట్‌కి అర్రేగా ఇస్తే ఎన్ని వరసలు కావాలో చెప్పే లిమిట్ పక్కన 10 కోట్స్‌తో పడి మళ్లీ అదే ఎర్రర్. నాకిది ఒక రాత్రంతా పట్టింది. ఏం మార్చేముందైనా, చివరికి తయారైన క్వెరీని లాగ్‌లో రాసి కళ్లతో చూడాలి. స్క్రీన్ మీద కాదు, లాగ్‌లో.

కొత్త డెవలపర్
లాగ్ పెట్టా. ఇంకో 1064 దొరికింది, దానికి యూజర్‌తో సంబంధమే లేదు. మెరిట్ లిస్ట్ క్వెరీలో "ర్యాంక్" అనే కాలమ్ ఉంది. పోయిన నెల మైఎస్‌క్యూఎల్ సర్వర్ 5.7 నుంచి 8.0కి మారింది.

సెక్యూరిటీ వైపు
8.0లో ర్యాంక్ రిజర్వ్‌డ్ పదం అయిపోయింది, అంటే మైఎస్‌క్యూఎల్ తనకోసం ఉంచుకున్న మాట. బ్యాక్‌టిక్స్ (`) మధ్య పెట్టండి, లేదా టేబుల్ పేరు, చుక్క, తర్వాత ర్యాంక్ అని రాయండి. "గ్రూప్స్" అనే టేబుల్ ఉంటే అదీ చూసుకోండి, అదీ అంతే. "నియర్" చూపించేది క్వెరీని చదివే పార్సర్ ఆగిన చోటు, తప్పు దానికి కాస్త ముందు ఉండొచ్చు.

కొత్త డెవలపర్
బ్యాక్‌టిక్స్‌తో మెరిట్ లిస్ట్ వచ్చేసింది. లాగిన్ లేకుండా తెరుచుకునే పేజీలు 14 ఉన్నాయి, వాటిని ఆదివారం లోపు ప్రిపేర్డ్‌కి మారుస్తున్నా. వెతికే పేజీ మార్చేశా, డి'సౌజా దొరికాడు. అడ్మిన్ పేజీలు రిజల్ట్స్ తర్వాతే అని సీనియర్‌ని ఒప్పించా.

పాత కోడ్ చూసేవాడు
శనివారం రాత్రే బ్యాకప్ తీసుకో.