అపార్ట్‌మెంట్‌లో రొమ్ము క్యాన్సర్ క్యాంపు: ఎవరికి ఏ టెస్టు చెప్పాలి?

మియాపూర్_మహిళా_కమిటీ:
మా కాలనీలో వచ్చే నెల స్క్రీనింగ్ క్యాంపు పెడుతున్నాం. ఒక డయాగ్నస్టిక్ సెంటర్ వాళ్లు ప్యాకేజీ పంపారు: థర్మల్ స్కాన్ (చర్మం వేడిని కెమెరాతో చూసేది), సీఏ 15-3 రక్తపరీక్ష, డాక్టర్ కన్సల్టేషన్. మామోగ్రామ్‌కి (రొమ్ము ఎక్స్‌రే) వ్యాన్ తెస్తారట, దానికి డబ్బు విడిగా కట్టాలి. పేర్లిచ్చినవాళ్లలో 26 ఏళ్లవాళ్లున్నారు, 71 ఏళ్లవాళ్లూ ఉన్నారు. అందరికీ అన్నీ చేయించేద్దామని కొందరు, లేనిపోనిది ఎందుకు కెలుక్కోవడమని కొందరు. ముందుగా వాట్సాప్‌లో ఒక పేజీ నోట్ పెట్టాలి. భయపెట్టకుండా, నిజం దాచకుండా ఏం రాయాలి?

ఫిల్మ్_రూమ్:
ముందు ఆ సీఏ 15-3 తీసేయమనండి. జబ్బు ఉందని తేలి చికిత్సలో ఉన్నవాళ్లను గమనించడానికి వాడే పరీక్ష అది. తొలిదశలో చాలామందికి నార్మల్‌గానే వస్తుంది, ఏమీ లేనివాళ్లకు ఒక్కోసారి ఎక్కువ చూపించి నిద్ర చెడగొడుతుంది. థర్మల్ స్కాన్ మామోగ్రామ్‌కి బదులు కాదని అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది కూడా.

నోట్‌లో మొట్టమొదట రాయాల్సింది: గడ్డ తగులుతున్నా, చనుమొన కొత్తగా లోపలికి పోయినా, అందులోంచి రక్తం కారినా, చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడినా క్యాంపు దాకా ఆగొద్దు. వాళ్లకు కావలసింది స్క్రీనింగ్ కాదు. డాక్టర్ చేత్తో చూడాలి, మామోగ్రామ్ లేదా అల్ట్రాసౌండ్ తీయాలి, అనుమానం ఉంటే కోర్ నీడిల్ బయాప్సీ (సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేయాలి. మామోగ్రామ్ నార్మల్ అని వచ్చినా చేతికి తగిలే గడ్డను వదిలేయకూడదు. "సూది గుచ్చితే పాకుతుందట" అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఆ భయంతో బయాప్సీ మానేస్తే పోయేది విలువైన సమయం.

కమ్యూనిటీ_హెల్త్:
వయసు సంగతి చెప్తాను. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకం ప్రకారం 30–65 ఏళ్లవాళ్లకు ఐదేళ్లకోసారి, శిక్షణ పొందిన సిబ్బంది చేత్తో పరీక్ష చేయాలి. అందరికీ మామోగ్రామ్ అని అందులో లేదు. అమెరికాలో ఏ పరీక్ష ఎవరికని సూచించే నిపుణుల టాస్క్‌ఫోర్స్ 2024లో 40–74 మధ్య రెండేళ్లకోసారి మామోగ్రామ్ అంది. బ్రిటన్‌లో 50 నుంచి మూడేళ్లకోసారి పిలుస్తారు. చేతి పరీక్షను తేలిగ్గా తీసుకోకండి. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్లు సుమారు లక్షన్నర మంది మీద చేసిన ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయి. రెండేళ్లకోసారి చేతి పరీక్షతో జబ్బు ముందు దశలోనే దొరికింది, 50 దాటినవాళ్లలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 50 లోపువాళ్లలో ఆ తగ్గుదల కనబడలేదు.

నష్టం కూడా రాయండి. బ్రిటన్‌లో 2012 సమీక్ష లెక్క: 50 ఏళ్లున్న పదివేల మందిని 20 ఏళ్లపాటు మామోగ్రామ్‌కి పిలిస్తే 43 మరణాలు తప్పుతాయి. అదే సమయంలో 129 మందికి, బతికినంతకాలం ఏ బాధా పెట్టకుండా ఉండిపోయే క్యాన్సర్ బయటపడి చికిత్స జరుగుతుంది. మన దగ్గర జబ్బు రేటు వేరు కాబట్టి ఇవే అంకెలు రావు. అయినా రెండూ పక్కపక్కనే పెట్టండి, ఒక్కటే పెడితే అది ప్రచారమవుతుంది.

తల్లికో అక్కచెల్లెళ్లకో చిన్న వయసులో వచ్చి ఉంటే ఈ లెక్కలేవీ వర్తించవు. వాళ్లు 40 దాకా ఆగకుండా జెనెటిక్ కౌన్సెలింగ్‌కి (వంశపారంపర్య ముప్పు గురించి నిపుణుల సలహా) వెళ్లాలి, ఎంఆర్ఐ అవసరం పడొచ్చు. కుటుంబంలో ఎవరికైనా ఉందా అని అడిగితే అందరూ అమ్మ వైపే చెప్తారు. మేనత్తల గురించి, నాన్నమ్మ గురించి విడిగా అడగండి. రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే బీఆర్‌సీఏ జన్యువు లోపం తండ్రి వైపు నుంచీ వస్తుంది.

మియాపూర్_మహిళా_కమిటీ:
చాలా థాంక్సండి. అంటే 26 ఏళ్ల పిల్లలకు వ్యాన్ అక్కర్లేదన్నమాట. మరి వ్యాన్ వాళ్లను ఏమేం అడగాలి? నొప్పి గురించి అందరూ అడుగుతున్నారు.

ఫిల్మ్_రూమ్:
ఆ వయసులో కుటుంబ చరిత్ర, లక్షణాలు లేకపోతే అక్కర్లేదు. యంత్రానికి ఏఈఆర్‌బీ (ఎక్స్‌రే యంత్రాల భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్స్ ఉందా, ఫిల్మ్ చదివేది రేడియాలజిస్టేనా, రిపోర్టుతోపాటు ఇమేజ్‌లు సీడీలో ఇస్తారా, ఈ మూడూ అడగండి. రెండేళ్ల తర్వాత పోల్చి చూడాలంటే ఆ ఇమేజ్‌లే దిక్కు.

ఒక్కో వైపు రెండు చొప్పున నాలుగు ఇమేజ్‌లు. రొమ్మును రెండు పలకల మధ్య నొక్కి ఉంచేది కొన్ని సెకన్లే. గట్టిగా నొక్కకపోతే కణజాలం ఒకదానిమీద ఒకటి పడి బొమ్మ మసకబారుతుంది, రేడియేషన్ కూడా ఎక్కువ పడుతుంది. పీరియడ్ అయిపోయిన వారంలో వస్తే నొప్పి తక్కువ. ఆ రోజు చంకల్లో డియోడరెంట్, పౌడర్ వద్దు, ఫిల్మ్ మీద అనుమానించదగ్గ సున్నపు చుక్కల్లా పడి అనవసరంగా మళ్లీ పిలవాల్సొస్తుంది. చీరయినా చుడీదారైనా సరే, ఒంటిముక్క గౌను మాత్రం వద్దు.

రిపోర్టులో బైరాడ్స్ (అనుమానం ఎంతో చెప్పే అంకె) 0 అని ఉంటే క్యాన్సర్ అని కాదు, ఇంకో ఇమేజ్ కావాలని. 1, 2 అయితే సరే. 3 అయితే ఆరు నెలలకు మళ్లీ. 4, 5 అయితే బయాప్సీ. డెన్సిటీ (రొమ్ము కణజాలం ఎంత దట్టమో చెప్పేది) సి లేదా డి ఉంటే గడ్డ దాక్కునే అవకాశం ఉంది, అల్ట్రాసౌండ్ కావాలా అని అడగాలి.

కమ్యూనిటీ_హెల్త్:
0, 4, 5 వచ్చినవాళ్లు ఎక్కడికెళ్లాలో క్యాంపుకి ముందే రాసిపెట్టుకోండి. ప్రభుత్వంలో అయితే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి ఉన్నాయి. కార్డు ఉన్నవాళ్లకు ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ చికిత్స ఉంది. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల పేర్లు కూడా జాబితాలో చేర్చండి, వాళ్ల దగ్గర డబ్బు అడగకండి. రిపోర్టులు ఎవరివి వాళ్ల చేతికే ఇవ్వాలి. గ్రూపులో ఒక్కటి కూడా పెట్టొద్దు, "అందరికీ నార్మల్" అని కూడా.