కరక్కాయ గుడ్డ మీద సయనోటైప్ నల్లబడుతోంది, టచ్ ప్యాడ్లు వాటంతటవే వెలుగుతున్నాయి

ప్రశ్న
డిజైన్ అండ్ టెక్నాలజీ చివరి ఏడాది ప్రాజెక్టులో మూడు మాధ్యమాలు కలుపుతున్నాను. 60 × 90 సెం.మీ. నూలు గుడ్డ మీద ఆకుల సయనోటైప్ (ఇనుప లవణాల ద్రావణం పూసి ఎండలో తేల్చే నీలి) ముద్రలు, వాటి చుట్టూ స్టీలు దారంతో కుట్టిన ఆరు టచ్ ప్యాడ్లు, ఆకును తాకితే పక్కనున్న మేకతోలు బొమ్మలో ఒక్కో భాగం వెలగాలి. వీటిని నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు ఈఎస్‌పీ32, దీపాలు డబ్ల్యూఎస్2812బీ స్ట్రిప్ (ఒక్కో ఎల్ఈడీని విడిగా వెలిగించగల పట్టీ).
గుడ్డకు కలంకారీ పద్ధతిలో కరక్కాయ, పాలు పట్టించాను. ద్రావణం పూయగానే, ఎండ తగలకముందే నల్లబడింది. రెండు ప్యాడ్లు ఎవరూ తాకకుండానే పనిచేస్తున్నాయి, ఒక్కోసారి బోర్డే ఆన్ అవడం లేదు. తోలు వెనక దీపాలు చుక్కలుగా కనిపిస్తున్నాయి.

జవాబు 1
నల్లబడటానికి కారణం కరక్కాయే. అందులోని టానిన్, ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్‌లోని ఇనుము కలిస్తే నలుపే వస్తుంది. కలంకారీలో ఇనుప ముక్కలూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్లు కరక్కాయ గుడ్డ మీద నల్లగా తేలేది ఈ చర్యవల్లే. ఆ గుడ్డను కలంకారీకి వాడుకోండి, దీనికి పనికిరాదు.
కొత్త నూలు గుడ్డ తీసుకుని లీటరు నీటికి 2 గ్రాముల చాకలి సోడా వేసి అరగంట ఉడికించండి. గంజి పోతుంది. తర్వాత నాలుగైదు నీళ్లలో జాడించాలి. సోడా మిగిలితే నీలం తినేస్తుంది.
ఒక సీసాలో 25 గ్రా. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ (ఆకుపచ్చ రకం), ఇంకో సీసాలో 10 గ్రా. పొటాషియం ఫెర్రిసయనైడ్, ఒక్కోదాన్ని 100 మి.లీ. నీటిలో కరిగించండి. పూసే ముందే సమానంగా కలపాలి. మీ గుడ్డకు మొత్తం 100 మి.లీ. దాకా పడుతుంది. స్పాంజి బ్రష్షే వాడండి. ఇనుప పట్టీ ఉన్న బ్రష్ అయితే నీలి మచ్చలు వస్తాయి. చేతులకు గ్లౌజులు తప్పనిసరి. ఫెర్రిసయనైడ్ దగ్గరికి గాఢ ఆమ్లాలు రానివ్వకండి.
చీకటి గదిలో పూర్తిగా ఆరాక ఆకులు పరిచి, అద్దంతో అదిమి, మిట్టమధ్యాహ్నం ఎండలో 10 నుంచి 15 నిమిషాలు ఉంచండి. ఆకు పడని చోట పసుపుపచ్చ కాస్తా బూడిదరంగుకు తిరిగితే చాలు. బోరు నీళ్లలో క్షారం ఎక్కువైతే నీలం వెలుస్తుంది కాబట్టి మొదటి నీటిలో చిటికెడు నిమ్మ ఉప్పు వేయండి. పసుపు నీరు ఆగేదాకా జాడించాలి. కరక్కాయ ఛాయ కావాలంటే ఇదంతా అయ్యాక కషాయంలో ముంచండి, నీలం నలుపు వైపు తిరుగుతుంది. తెల్లని చోట్లు కూడా కొంచెం పసుపెక్కుతాయి.

జవాబు 2
బోర్డు ఆన్ కాకపోవడం పిన్ల ఎంపికలో తప్పు. టచ్ చదవగలిగే పది పిన్లలో 0, 2, 12, 15 బోర్డు మొదలయ్యేటప్పుడు స్థితి చూసే పిన్లు. 12వ పిన్ ఆ క్షణంలో హైగా (వోల్టేజి ఉండి) ఉంటే చాలు, బోర్డు లేవదు. 4, 13, 14, 27, 32, 33 వాడండి. సరిగ్గా ఆరే ఉన్నాయి.
ప్యాడ్లు వాటంతటవే పనిచేయడానికి ఎక్కువ సందర్భాల్లో దారాలు దగ్గరగా, పక్కపక్కనే నడవడమే కారణం. ఒకదానికొకటి 2 సెం.మీ. ఎడం ఉంచి, ముడుల చివర పీచు కత్తిరించి నెయిల్ పాలిష్ చుక్క వేయండి. గుడ్డలో తడి ఉన్నా ఇదే తంటా.
కోడ్‌లో స్పర్శకు హద్దుగా స్థిర సంఖ్య పెట్టకండి. ఆన్ కాగానే ప్రతి ప్యాడ్‌ను 50 సార్లు చదివి సగటు తీసి, అందులో 70 శాతం కన్నా తగ్గితేనే, అదీ వరుసగా మూడుసార్లు తగ్గితేనే స్పర్శగా లెక్కించండి. ఈ మామూలు ఈఎస్‌పీ32లో తాకితే సంఖ్య తగ్గుతుంది, దాని ఎస్3 రకంలో పెరుగుతుంది. ల్యాప్‌టాప్ మీద సరిచూసి అడాప్టర్ మీద నడిపితే లెక్క మారుతుంది. ప్రదర్శనలో పెట్టే అడాప్టర్‌తోనే పరీక్షించండి.
స్టీలు దారానికి మామూలు సోల్డర్ అంటదు. టిచ్ బటన్ రంధ్రంలోంచి దారం ఐదుసార్లు బిగించి, రెండో సగానికి వైరు సోల్డర్ చేయండి. కడగాలంటే విప్పేయొచ్చు కూడా.

జవాబు 3
తోలుకు, స్ట్రిప్‌కు మధ్య 6 నుంచి 8 సెం.మీ. దూరం, మధ్యలో ట్రేసింగ్ పేపర్ ఒక పొర. చుక్కలు కలిసిపోతాయి. ఒక్కో దీపం పూర్తి తెలుపులో 60 మిల్లీఆంపుల దాకా లాగుతుంది, 12 దీపాలుంటే 720. కాబట్టి 5 వోల్టులు 2 ఆంపుల అడాప్టర్ నేరుగా స్ట్రిప్‌కు ఇవ్వండి, గ్రౌండ్ మాత్రం బోర్డుతో కలపాలి. డేటా వైరులో 330 ఓమ్ రెసిస్టర్, అడాప్టర్ చివర 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్. డేటా వైరులో బోర్డు 3.3 వోల్టులే ఇస్తుంది, స్ట్రిప్‌కు 3.5 కావాలి. మినుకుమంటే 74ఏహెచ్‌సీటీ125 (సంకేతం వోల్టేజిని పెంచే చిప్) మధ్యలో పెట్టండి.
తోలు తేమకు ముడుచుకుంటుంది. నిలువునా వెదురు బద్ద కట్టండి. మేకులు కొట్టి ఫ్రేముకు బిగిస్తే అక్కడే చిరుగుతుంది.

ప్రశ్నించినవారు
ధన్యవాదాలండీ. దారం ముందు కుట్టి, తర్వాత ముద్ర వేయొచ్చా?

జవాబు 1
వద్దు. స్టీలు దారం తట్టుకున్నా, దాని కింద ఎండ పడక తెల్ల గీతలు మిగులుతాయి. వెండిపూత దారమైతే ఫెర్రిసయనైడ్ ఆ పూతనే తినేస్తుంది. ముద్ర వేసి, కడిగి, రెండు రోజులు నీడలో ఆరాకే సూది పట్టండి.