ఇంటర్నల్ మెడిసిన్ రిమోట్ రొటేషన్‌కు అమెరికా రెసిడెన్సీ దరఖాస్తులో విలువ ఉంటుందా?

హౌస్ సర్జన్, గుంటూరు

అందరికీ నమస్కారం. గుంటూరు వైద్య కళాశాలలో నా హౌస్ సర్జన్సీ ముగింపుకు వచ్చింది. అమెరికాలో రెసిడెన్సీకి, అంటే అక్కడి పీజీ శిక్షణకు, రాయవలసిన యూఎస్‌ఎంఎల్‌ఈ పరీక్షల్లో స్టెప్ 1 పాసయ్యాను. క్లినికల్ పరిజ్ఞానాన్ని చూసే స్టెప్ 2 సీకే రాసి, వచ్చే సెప్టెంబరులో ఈరాస్ అనే ఆన్‌లైన్ దరఖాస్తు విధానం ద్వారా ఇంటర్నల్ మెడిసిన్‌కు (మన జనరల్ మెడిసిన్) దరఖాస్తు చేయాలనుకుంటున్నాను. అక్కడి ఆసుపత్రుల్లో ఎలక్టివ్ అనే శిక్షణను ఇంకా చదువుతున్న విద్యార్థులకే ఇస్తారు కనుక నాకు మిగిలినవి చూసి నేర్చుకునే అబ్జర్వర్‌షిప్, రోగులను స్వయంగా పరీక్షించే ఎక్స్‌టర్న్‌షిప్ మాత్రమే. వాటికి వెళ్ళాలంటే వీసా, విమానం టికెట్టు, అక్కడ బస, అన్నీ చూసుకోవాలి. ఈలోగా ఒక సంస్థవారు నాలుగు వారాల రొటేషన్‌ను, అంటే ఒక వైద్యుని కింద ఆ విభాగంలో నేర్చుకునే శిక్షణను, ఇంటి నుంచే వీడియోలో చేయవచ్చని, చివర్లో సిఫారసు లేఖ ఖాయమని చెబుతున్నారు. మా నాన్నగారు మిర్చి యార్డులో గుమాస్తా. డాలర్లలో కట్టే ఏ ఫీజైనా మేము ఆచితూచి కట్టవలసిందే. దీనిని రెసిడెన్సీ ప్రోగ్రాంలవారు క్లినికల్ అనుభవంగా లెక్కిస్తారా, లేక ఆ డబ్బు దాచుకుని నేరుగా వెళ్ళడమే మేలా?

ఇంటర్నిస్ట్, ఒహాయో (సొంతూరు తెనాలి)

అమ్మా, మా ప్రోగ్రాంకు ఏటా వచ్చే దరఖాస్తులను చదివేవారిలో నేనూ ఒకడిని. రోగిని స్వయంగా పరీక్షించే ఎక్స్‌టర్న్‌షిప్‌తో దీనిని సమానంగా ఎవరూ చూడరు. 2020లో కోవిడ్ వల్ల ఆసుపత్రులు బయటి విద్యార్థులను రానివ్వనప్పుడు వేరే దారి లేక చాలామంది రిమోట్ రొటేషన్లను ఒప్పుకున్నారు. వార్డులు మళ్ళీ తెరుచుకున్నాక ఆ ఉదారత తగ్గింది. ప్రత్యక్ష అనుభవమే కావాలని తమ వెబ్‌సైట్‌లోనే రాసుకున్న ప్రోగ్రాంలున్నాయి, కాబట్టి మీరు దరఖాస్తు చేయదలచిన చోట్ల ఆ నియమం చదివిన తరువాతే ఫీజు సంగతి ఆలోచించండి. విదేశీ వైద్య పట్టభద్రుల అర్హతను ధ్రువీకరించే ఈసీఎఫ్‌ఎంజీ ఇచ్చే ధ్రువపత్రానికి అమెరికా అనుభవం షరతు కాదు. అది కోరేది ప్రోగ్రాంలే.

అలాగని అబ్జర్వర్‌షిప్‌ను అందలం ఎక్కించనక్కరలేదు. అందులోనూ రోగిని ముట్టుకునే వీలుండదు, మందులకు, పరీక్షలకు ఆర్డర్లు రాసే వీలుండదు. వార్డు నడిచే తీరు, నర్సులతో మాటలు, డిశ్చార్జి హడావిడి కళ్ళారా చూస్తారు, అంతే. గోడకు ఆనుకుని నిలబడి నెల గడిపిన వారి లేఖలు నేను ఎన్నో చదివాను. సమయానికి వస్తారు, మర్యాదస్తులు అన్నంతకు మించి వాటిలో ఏమీ ఉండదు.

అసలు విషయం ఆ లేఖే. స్టెప్ 2 సీఎస్ అనే ప్రాక్టికల్ పరీక్ష 2021 జనవరిలో రద్దయింది. అది ఉన్నన్నాళ్ళూ విదేశీ పట్టభద్రులు రోగితో ఎలా మాట్లాడతారో, రోగి వివరాల నోట్ ఎలా రాస్తారో అమెరికాలోనే పరీక్షించేవారు. 2022 జనవరి నుంచి స్టెప్ 1కు మార్కులూ లేవు. ఇక మా చేతికి వచ్చేది స్టెప్ 2 సీకే స్కోరు, ఒక్కో ప్రోగ్రాంకు గరిష్ఠంగా నాలుగు లేఖలు. మీరు కేసు చెబుతుంటే విని, మీ నోట్‌ను దిద్ది, వారం తరువాత మీలో వచ్చిన మార్పును గమనించిన వైద్యుడు రాసే లేఖ రిమోట్‌దైనా మేము శ్రద్ధగా చదువుతాం. ఆ పని తెరమీద కూడా జరుగుతుంది. జరగనిది శరీర పరీక్ష. గుండె చప్పుడు వినడం, పొట్ట నొక్కి చూడడం మీకు గుంటూరు జనరల్ ఆసుపత్రి నేర్పినంతగా ఇక్కడి ఏ నెల రొటేషనూ నేర్పదు.

రెసిడెంట్, విజయవాడ వాసి

డాక్టర్ గారి మాటతో ఏకీభవిస్తూనే, నేరుగా వెళ్ళే ముందు ఒక రిమోట్ రొటేషన్ చేయడం దండగ కాదని నా అభిప్రాయం. మన వార్డుల్లో కేసును మొదటి ఫిర్యాదు నుంచి కుటుంబ చరిత్ర దాకా వరసగా అప్పజెప్పడం అలవాటు. అమెరికాలో ఒక్క వాక్యంలో రోగి ఎవరో చెప్పి, మీరేమనుకుంటున్నారు, ఏమి చేద్దామంటారు అనే దగ్గరికి త్వరగా రావాలి. మధుమేహానికి మందుల చీటీ కోసం వచ్చిన 47 ఏళ్ళ మనిషికి పెద్దప్రేగు క్యాన్సర్ స్క్రీనింగ్ జరిగిందా అని నన్ను అడిగినప్పుడు నాకు మాట రాలేదు. 2021 నుంచి అక్కడ దానిని 45 ఏళ్ళకే మొదలుపెట్టాలని సిఫారసు చేస్తున్నారు. ఉబ్బసం మందు సాల్బుటమాల్‌ను ఆల్బ్యుటెరాల్ అనడం వంటివి సరేసరి. విమానం ఎక్కకముందే ఇవి తెలిసి ఉంటే, వెళ్ళిన మొదటి వారం తడబాట్లతో పోదు.

వేళల సంగతి కూడా చూసుకోండి. న్యూయార్క్‌లో ఉదయం ఎనిమిది అంటే మనకు వేసవిలో సాయంత్రం అయిదున్నర, చలికాలంలో ఆరున్నర. కాలిఫోర్నియా అయితే రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర. క్యాజువాలిటీ డ్యూటీలుండగా ఒప్పుకోవద్దు. గది తలుపు మూసుకుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకునే కూర్చోవాలి. రోగి మాట మీ ఇంట్లో మరొకరి చెవిన పడకూడదు, స్క్రీన్‌షాట్ అసలే తీయకూడదు.

విదేశంలో చదివిన డాక్టర్, గుంటూరు

నాలాగా బయట ఎంబీబీఎస్ చేసి వచ్చినవారికి ఒక్క మాట. 2021 నాటి జాతీయ వైద్య కమిషన్ నిబంధనలు చదివిన దేశంలో 12 నెలల ఇంటర్న్‌షిప్‌ను, ఇక్కడ మరో 12 నెలల ఇంటర్న్‌షిప్‌ను కోరుతున్నాయి. అమెరికా వైద్యుడితో వీడియోలో చేసిన రొటేషన్ ఆ లెక్కలోకి రాదు. ఆ రెండింటినీ కలిపి మాట్లాడే ఏజెంట్లు తగులుతున్నారు, జాగ్రత్త.

హౌస్ సర్జన్, గుంటూరు

అందరికీ కృతజ్ఞతలు. డాక్టర్ గారూ, లేఖ ఖాయమన్న సంస్థను నేను ఏమని అడగాలి?

ఇంటర్నిస్ట్, ఒహాయో (సొంతూరు తెనాలి)

పని చూడకముందే లేఖ ఖాయమన్నారంటే అది ముందే రాసిపెట్టిన లేఖ అయ్యుంటుంది, అమ్మా. నేర్పే వైద్యుని పేరు అడిగి, ఆ రాష్ట్ర మెడికల్ బోర్డు వెబ్‌సైట్‌లో లైసెన్సు చూసుకోండి. ఆయన ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెంట్లకు బోధిస్తారా, ఒకేసారి ఎంతమందిని తీసుకుంటారు, మీ నోట్‌ను ఎవరు దిద్దుతారు అని అడగండి. నిజమైన రోగులతో టెలిమెడిసిన్ అయితే రోగి సమ్మతి ఎలా తీసుకుంటున్నారో అడగండి. ఉత్త కేసు చర్చలే అయితే అది కోచింగ్, దానికి రొటేషన్ అని ఫీజు కట్టకండి. లేఖను ఈరాస్‌లోకి ఆయనే నేరుగా అప్‌లోడ్ చేయాలి, రొటేషన్ రిమోట్‌గా జరిగిందని అందులో ఉండాలి. మీ దరఖాస్తులోనూ అలాగే రాయండి. దాచారని ఇంటర్వ్యూలో బయటపడితే మిగతా మూడు లేఖలనూ మేము అనుమానంగానే చూస్తాం. ఇక మీ డబ్బు సంగతి: రెండూ కుదరకపోతే నేరుగా వెళ్ళడానికే దాచుకోండి, ముందు స్టెప్ 2 సీకే పూర్తి చేయండి.