లండన్ నిజంగా అంత ప్రమాదకరంగా మారిందా, లేక మన భయమే పెరిగిందా?

గుంటూరు నాన్న:
అందరికీ నమస్కారం. మా అమ్మాయికి తూర్పు లండన్‌లో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. సెప్టెంబర్‌లో ప్రయాణం. లోన్ శాంక్షన్ అయింది, డిపాజిట్ కూడా కట్టేశాం. తీరా ఇప్పుడు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మా బావమరిది రోజుకో వీడియో పంపుతున్నాడు. ముసుగులేసుకుని ఎలక్ట్రిక్ బైకుల మీద వచ్చి ఫోన్లు లాక్కుపోవడం, పట్టపగలు కత్తులతో తిరగడం, ఇవే. 2025 సెప్టెంబర్‌లో వలసలను వ్యతిరేకిస్తూ లక్ష మందికి పైగా లండన్ వీధుల్లోకి రావడం టీవీలో చూశాం. 2023లో వెంబ్లీలో మన హైదరాబాద్ అమ్మాయిని ఆమె ఉంటున్న ఇంట్లోనే చంపేశారన్న వార్తను మా ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేకపోతోంది.

అక్కడ ఉంటున్నవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మాకు ధైర్యం చెప్పాలని మాత్రం ఏదీ చెప్పొద్దు.

హారో వాసి:
అన్నగారూ, నేను 2008 నుంచి ఇక్కడే, వాయవ్య లండన్‌లోని హారోలో ఉన్నాను. ఇద్దరు పిల్లలు ఇక్కడే పుట్టి పెరిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నారు కాబట్టి ముందు లెక్కలు చెబుతాను.

లండన్ జనాభా 90 లక్షలకు దగ్గర. 2025లో మొత్తం నగరంలో జరిగిన హత్యలు వంద లోపే. 2014 తర్వాత ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. 2021లో టీనేజ్ పిల్లలే 30 మంది హత్యకు గురయ్యారు. అది నిజంగా ఘోరమైన ఏడాది. ఆ తర్వాత ఆ సంఖ్య బాగా తగ్గింది.

ఇంకో సంగతి. ఈ దేశంలో 1980ల నుంచి ఒక సర్వే జరుగుతోంది. పోలీసు రికార్డులతో సంబంధం లేకుండా నేరుగా జనాన్నే అడుగుతారు, ఈ ఏడాది మీకు ఏ నేరమైనా జరిగిందా అని. ఆ లెక్క ప్రకారం నేరాలు 1995 ప్రాంతంలో పతాక స్థాయికి వెళ్లి, అప్పటి నుంచి చాలా తగ్గాయి. అయినా అదే జనాన్ని అడిగితే, దేశంలో నేరాలు పెరిగాయనేవాళ్లు ఎక్కువ, మా పేటలో పెరిగాయనేవాళ్లు తక్కువ. అంటే కళ్లతో చూసేది ఒకటి, విని నమ్మేది మరొకటి. 2018లో ట్రంప్ ఒక సభలో లండన్ ఆసుపత్రి నేల నిండా రక్తమేనన్నారు. ఆ రోజు కూడా మేం ఎప్పటిలాగే ఆఫీసుకి వెళ్లి వచ్చాం. మీ బావమరిది పంపే వీడియోల్లో సగం ఎప్పటివో, ఎక్కడివో కూడా తెలియదు. అమ్మాయిని నిశ్చింతగా పంపండి.

స్ట్రాట్‌ఫర్డ్ స్టూడెంట్:
అన్నా, హత్యల లెక్క ఒప్పుకుంటా. కానీ మాలాంటివాళ్ల భయం హత్య గురించి కాదు. 2024లో లండన్‌లో పోయిన ఫోన్లు 80 వేలకు పైనే, ఇది పోలీసుల లెక్కే. అందులో ఒకటి నాది. రాత్రి 11:40కి స్టేషన్ బయట బస్సు ఎప్పుడొస్తుందో చూసుకుంటున్నా. వెనక నుంచి బైక్ వచ్చింది, చేతిలో ఫోన్ లేదు. రెండు సెకన్లు పట్టిందేమో.

ఆ ఫోన్‌లోనే నా ఈ-వీసా, బ్యాంకు, డెలివరీ యాప్, బస్సు చార్జీ, ఇంటికి దారి చూపే మ్యాప్ ఉన్నాయి. డిసెంబర్ చలిలో నడుచుకుంటూ ఇంటికి చేరేసరికి ఒంటిగంట దాటింది. ఆన్‌లైన్‌లో కంప్లైంట్ ఇస్తే నంబర్ ఇచ్చారు, రెండు రోజులకి కేసు మూసేశామని మెయిల్ వచ్చింది. అమ్మకి ఇంతవరకూ చెప్పలేదు, ఫోన్ కింద పడి పగిలిపోయిందని చెప్పా. ఇప్పటికీ వెనకాల ఎలక్ట్రిక్ బైక్ చప్పుడు వినిపిస్తే గోడకి ఆనుకుని నిలబడిపోతా. "భయమే పెరిగింది" అంటే నాకు కోపం వస్తుంది అన్నా, ఏమనుకోకు.

క్రాయ్‌డన్ 2009:
బంగారం సంగతి ఎవరూ చెప్పలేదు. మనవాళ్ల ఇళ్లలో బంగారం ఉంటుందని దొంగలకి బాగా తెలుసు. దీపావళి వస్తోందంటే పోలీసులే జాగ్రత్త చెబుతుంటారు. అమ్మాయికి గొలుసులు, గాజులు ఏమీ ఇచ్చి పంపొద్దు. మిగతా విషయాల్లో హారో అన్నతో ఏకీభవిస్తాను.

నైట్‌షిఫ్ట్ నర్స్:
అన్నయ్య గారూ, నేను తూర్పు లండన్‌లో నర్సుని, తొమ్మిదేళ్లయింది. పైన చెప్పినవేవీ అబద్ధాలు కావు. కానీ హారో తమ్ముడూ, స్ట్రాట్‌ఫర్డ్ అబ్బాయీ ఒకే ఊరి గురించి మాట్లాడట్లేదు. హారోలో సొంతిల్లు, కారు, సాయంత్రం ఆరింటికి ఇంట్లో ఉండే ఉద్యోగం ఉన్నవాళ్ల లండన్ వేరు. రాత్రి పన్నెండుకి షిఫ్ట్ దిగి, బస్సు కోసం ఇరవై నిమిషాలు ఒంటరిగా నిలబడి, చవగ్గా దొరికిన గదికి పావుగంట నడిచే పిల్లల లండన్ వేరు. ఒకే వీధి మధ్యాహ్నం ఒకలా, ఆ వేళకి ఇంకోలా ఉంటుంది. నేను రెండింటిలోనూ నడిచాను కాబట్టి చెబుతున్నా. లండన్ సేఫేనా అనే ప్రశ్నకి జవాబు లేదు. ఎన్నింటికి, ఏ వీధిలో, ఎవరికి అని అడిగితేనే చెప్పగలం.

ఇక సర్వే గురించి. హారో తమ్ముడు చెప్పింది మంచి సర్వేనే. కానీ అది ఇళ్లకు వెళ్లి అడిగే సర్వే. స్టూడెంట్ హాస్టళ్లు అందులోకి రావు. ఒకే ఇంట్లో ఆరుగురు, ఎనిమిది మంది ఉంటూ మూడు నెలలకోసారి గది మారే మన పిల్లల తలుపు ఎంతమంది తట్టి ఉంటారు? పోలీసు లెక్కల్లోకి కూడా వీళ్లు సరిగ్గా రారు. ఎందుకో చెప్తా. కాలేజీ జరిగే రోజుల్లో స్టూడెంట్ వీసా మీద వారానికి 20 గంటలే పని చేయాలి. అప్పుల ఒత్తిడితో కొందరు చేతికి డబ్బిచ్చే పనులకి వెళ్తారు. అలాంటి పని నుంచి తిరిగొస్తుంటే ఎవరైనా కొట్టి పర్సు లాక్కున్నారనుకోండి, పోలీసుల దగ్గరికి వెళ్లరు. ఆ టైమ్‌లో అక్కడేం చేస్తున్నావని అడుగుతారేమోనని. కుట్లు వేయించుకోవడానికి వచ్చిన పిల్లాడు మెట్ల మీద పడ్డానని చెబితే నేను ఎన్నిసార్లు విన్నానో. తెలుగులో అడిగితే కళ్లనీళ్లు పెట్టుకుని అసలు సంగతి చెబుతారు. ఆ దెబ్బ ఏ పట్టికలోనూ ఉండదు.

ఆడపిల్లల విషయం ఇంకో మాట. 2021 మార్చిలో దక్షిణ లండన్‌లో రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ఇంటికి నడిచి వెళ్తున్న యువతిని, ఉద్యోగంలో ఉన్న పోలీసే తన కార్డు చూపించి కారెక్కించుకుని చంపేశాడు. రెండేళ్లకి, ఆ పోలీసుల తీరు మీద విచారణ చేసిన లూయీజ్ కేసీ నివేదిక వచ్చి, లండన్ పోలీసు వ్యవస్థలోనే స్త్రీల పట్ల ద్వేషం, జాతి వివక్ష ఉన్నాయని తేల్చింది. అందుకే ఇక్కడ ఆడవాళ్ల భయాన్ని ఏడాదికి ఎన్ని హత్యలన్న అంకెతో కొలవలేం. సాయం అడగాల్సిన చోటి మీదే నమ్మకం పోతే, ఒక్క ఘటన కూడా చాలా ఏళ్లు వెంటాడుతుంది.

హారో వాసి:
అక్కా, స్టూడెంట్ల లెక్క బయటపడదన్నది నేను ఆలోచించని మాట, ఒప్పుకుంటున్నాను. తమ్ముడూ, నీ విషయంలో నా మాట నొప్పించి ఉంటే క్షమించు.

కానీ ఒకటి మాత్రం వదలను. భయం కూడా మనుషుల దగ్గర్నుంచి చాలా లాగేసుకుంటుంది. 2024 ఆగస్టులో, సౌత్‌పోర్ట్ అనే ఊళ్లో చిన్నపిల్లల హత్యల తర్వాత ఇంగ్లండ్‌లో చాలా ఊళ్లలో వలసవాళ్ల మీద అల్లర్లయ్యాయి. భారత హైకమిషన్ కూడా జాగ్రత్తగా ఉండమని సూచన ఇచ్చింది. మా హారోలో ఏమీ జరగలేదు. అయినా మా ఆవిడ వారం రోజులు ఇల్లు కదల్లేదు, పిల్లల్ని పార్కుకి పంపలేదు. రోజంతా వాట్సాప్ గ్రూపుల్లో ఫలానా చోటికి గుంపు వస్తోందని మెసేజ్‌లు. ఆగస్టు 7న ఈశాన్య లండన్‌లోని వాల్తమ్‌స్టోకి అల్లరిమూకలు వస్తున్నాయని ప్రచారం జరిగింది. ఆ సాయంత్రం అక్కడికి వచ్చింది వేలమంది మామూలు జనం, వలసవాళ్లకి అండగా నిలబడటానికి. ఆ వీడియో మా గ్రూపులో ఒక్కరు పంపారు, భయపెట్టేవి నలభై. భయాన్ని ఇలా పెంచుతూ పోతే, ఆడపిల్లల్ని చదువు మాన్పించేదాకా వెళ్తుంది. నా బాధ అదే.

నైట్‌షిఫ్ట్ నర్స్:
ఆ బాధ నాదీ. అందుకే ఏది ఎక్కువ జరుగుతుందో, ఏది తక్కువో విడదీసి చెప్పాలంటున్నా. కత్తుల కేసులే చూడండి. 2024లో లండన్‌లో 15 వేలకు పైగా నమోదయ్యాయి, వినగానే గుండె ఆగిపోతుంది. వాటిలో పెద్ద వాటా కత్తి చూపించి ఫోనో, డబ్బో అడిగే దోపిడీలు. ఇచ్చేసి పక్కకి తప్పుకుంటే చాలావరకు ప్రాణానికి ముప్పు ఉండదు. ఈ ఒక్క మాట పిల్లలకి ముందే చెప్పాలి. అప్పు చేసి కొన్న ఫోన్ కదా అని పెనుగులాడతారు.

ఆ ఫోన్లు ఎక్కడికి పోతాయో కూడా ఇప్పుడు తెలిసింది. 2024 క్రిస్మస్ ముందురోజు ఒకామె తన ఫోన్ లొకేషన్ పట్టుకుంటే, హీత్రో దగ్గర గోడౌన్‌లో హాంకాంగ్‌కి వెళ్లబోతున్న పెట్టె దొరికింది. అందులో వందల ఫోన్లు. ఆ తీగ లాగితే, 40 వేల దాకా ఫోన్లు చైనాకి తరలించిందని అనుమానిస్తున్న ముఠా బయటపడింది. అంటే ఇది పెద్ద వ్యాపారం. నీ అజాగ్రత్త వల్ల పోయిందని ఆ అబ్బాయిని ఎవరూ అనకూడదు.

అన్నయ్య గారూ, వీధి కంటే నాకు ఎక్కువ టెన్షన్ ఇల్లే. మీ ఆవిడ తలుచుకుంటున్న ఆ అమ్మాయికి ఆపద వచ్చిందీ ఇంట్లోనే కదా. వాట్సాప్‌లో ఫొటోలు చూసి, రసీదు లేకుండా డబ్బు కట్టి, ఎవరుంటున్నారో తెలియని ఇంట్లో దిగుతున్నారు పిల్లలు. గది తలుపుకి తాళం ఉండదు. ఈస్ట్‌హామ్, స్ట్రాట్‌ఫర్డ్ అన్నీ న్యూహామ్ కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) కిందికి వస్తాయి. వాళ్లు 2013లోనే అద్దె ఇళ్లకి లైసెన్స్ పెట్టారు. ఆ ఇంటికి లైసెన్స్ ఉందో లేదో అడ్వాన్స్ కట్టకముందే కౌన్సిల్‌ని అడిగి తెలుసుకోండి.

స్ట్రాట్‌ఫర్డ్ స్టూడెంట్:
అంకుల్, నేనూ కొన్ని చెప్తా. స్టేషన్ లోపలే మ్యాప్ చూసుకుని బయటికి రమ్మనండి. రాత్రి బస్సులో పైకి ఎక్కకుండా కిందే, డ్రైవర్‌కి దగ్గర్లో కూర్చోమనండి. రైల్లో ఎవడైనా ఇబ్బంది పెడితే 61016కి మెసేజ్ కొడితే రైల్వే పోలీసులకి వెళ్తుంది, కాల్ చేసి మాట్లాడక్కర్లేదు. మరీ అత్యవసరమైతే 999. ఫోన్ వెనక్కి రాకపోయినా కంప్లైంట్ మాత్రం ఇవ్వమనండి. అక్క చెప్పాక, నేను ఇచ్చింది మంచిదే అయిందనిపించింది.

గుంటూరు నాన్న:
అందరికీ చాలా కృతజ్ఞతలు. ఇవన్నీ మా ఆవిడకి చదివి వినిపించాను. మెట్ల మీద పడ్డానన్న పిల్లాడి దగ్గర ఆగిపోయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అమ్మాయిని పిలిచి, ఏం జరిగినా మాతో అబద్ధం చెప్పొద్దు, తిట్టం అని చెప్పింది. అమ్మాయి వెళ్తుంది. పార్ట్‌టైమ్ పని రాత్రి తొమ్మిది దాటితే వద్దని, ఆ తేడా డబ్బులు నేను పంపుతానని చెప్పాను.

ఒక గది చూశారట. స్టేషన్ నుంచి 12 నిమిషాల నడక, మధ్యలో రైలు వంతెన కింద నుంచి వెళ్లాలి అంటున్నారు. ఆ వంతెన దగ్గర ఎలా ఉంటుందో ఎవరికైనా తెలుసా అమ్మా?

నైట్‌షిఫ్ట్ నర్స్:
పోస్ట్‌కోడ్ ఇక్కడ పెట్టొద్దు, నాకు విడిగా పంపండి అన్నయ్య గారూ. గురువారం నా షిఫ్ట్ పదింటికి అయిపోతుంది. స్టేషన్ దగ్గర దిగి ఆ దారిన నడిచి చూసి చెబుతాను.