అలైన్ స్క్రిప్టుకి డాక్యుమెంటేషన్: ఏం రాయాలి, ఏం వదిలేయాలి?

లేయర్_లెక్కలు:
ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో (యానిమేషన్, వీడియో ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్) లేయర్లను, అంటే బొమ్మల, అక్షరాల పొరలను, వరసగా సర్దే స్క్రిప్టు (చిన్న ప్రోగ్రామ్) ఒకటి రాశాను. సాఫ్ట్‌వేర్‌లో ఉండే మామూలు అలైన్ (వరస కలిపే) ప్యానెల్ చేసే పనితో పాటు, మొదట సెలెక్ట్ చేసిన లేయర్‌ని కదపకుండా మిగతావాటిని దాని పక్కకి చేరుస్తుంది, గ్యాప్ పిక్సెల్స్‌లో ఇవ్వచ్చు. టీమ్ అంతా వాడుతోంది, రీడ్‌మీ (వాడే విధానం రాసిన ఫైల్) మాత్రం ఎవరూ తెరవరు, నేరుగా నాకే మెసేజ్. వీడియో చేయాలా, రాతలోనే ఉంచాలా? ప్రతి బటన్‌కీ వివరణ కావాలా? వెర్షన్ మారిన ప్రతిసారీ స్క్రీన్‌షాట్లు మళ్లీ తీసే బాధ ఎలా తప్పించుకుంటున్నారు?

రాత్రి_రెండర్:
ముందు ఇన్‌స్టాల్ సంగతి రాయండి మహాప్రభో. ఫైల్ స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో పడేస్తే ఫైల్ మెనూలోంచి నడుస్తుంది గానీ ప్యానెల్‌లా డాక్ అవదు (సాఫ్ట్‌వేర్ విండోలో అతుక్కుని ఉండదు). లోపలున్న స్క్రిప్ట్‌యూఐ ప్యానెల్స్ ఫోల్డర్‌లో పెట్టి సాఫ్ట్‌వేర్ మూసి తెరిస్తే విండో మెనూ అడుగున కనిపిస్తుంది. ఈ ముక్క ఎక్కడా రాయని టూల్ ఒకటి డబ్బు పెట్టి కొన్నాను, మెయిల్ పెడితే "డాక్స్ చూడండి" అన్నారు. ఏ డాక్స్ నాయనా!

కీఫ్రేమ్_కింకరుడు:
అవన్నీ సరే, పొజిషన్‌కి కీఫ్రేమ్‌లు (ఏ ఫ్రేమ్‌లో ఎక్కడుండాలో చెప్పే గుర్తులు) ఉంటే మీ స్క్రిప్టు ఏం చేస్తుంది? అది రాయకపోతే మిగతా ఎన్ని పేజీలు రాసినా దండగ. కీఫ్రేమ్‌లున్న ప్రాపర్టీ మీద విలువ మార్చే సెట్‌వాల్యూ కమాండ్ పిలిస్తే ఎర్రర్ వస్తుంది, కాబట్టి మీరు ఏదో ఒక దారి ఎంచుకునే ఉంటారు.

లేయర్_లెక్కలు:
ప్లేహెడ్ (టైమ్‌లైన్‌లో ఇప్పుడున్న ఫ్రేమ్ గుర్తు) ఉన్నచోట కొత్త కీఫ్రేమ్ వేస్తుంది.

కీఫ్రేమ్_కింకరుడు:
అనుకున్నా! టైటిల్ ఎడమ నుంచి వచ్చి 20వ ఫ్రేమ్‌లో ఆగుతుందనుకోండి. ఎవడో 12వ ఫ్రేమ్‌లో ఉండి అలైన్ నొక్కాడు. కదలిక మధ్యలో వంకర పడుతుంది, టైటిల్ చివరికి ఆగేది మాత్రం పాత చోటే. కీఫ్రేమ్‌లన్నిటినీ ఒకే దూరం జరపాలి, అదే సరైన పద్ధతి.

స్క్రిప్టు_శాస్త్రి:
సరైన పద్ధతి అని తీర్పు ఇచ్చేశారు బాగానే ఉంది. అదే 12వ ఫ్రేమ్‌లో అన్నిటినీ జరిపితే 12 దగ్గర వరస కుదురుతుంది, 20 దగ్గర ఇంకెక్కడో ఆగుతుంది. అప్పుడేమంటారు? ఆగే ఫ్రేమ్‌కి వెళ్లి నొక్కమని రాయాలి, అంతే. ఈ మెషీన్ల మీద జుట్టు నెరిసినవాణ్ణి, అలైన్ టూళ్లు నేనూ రాశాను.

కీఫ్రేమ్_కింకరుడు:
జుట్టు సంగతి ఎవరూ అడగలేదు సార్. ఆగే ఫ్రేమ్‌కి వెళ్లినా కొత్త కీ వేసే పద్ధతిలో చివరి కీ ఒక్కటే మారుతుంది, మొదటిది పాతచోటే ఉంటుంది, అడ్డంగా రావాల్సిన టైటిల్ ఏటవాలుగా వస్తుంది. నేను చెప్పింది చదివి మాట్లాడండి.

స్క్రిప్టు_శాస్త్రి:
నేను కాదన్నది మీ పద్ధతిని కాదు, ఎక్కడ నిలబడి నొక్కాలో చెప్పకపోవడాన్ని. చదవాల్సింది ఎవరో మరి.

రాత్రి_రెండర్:
మళ్లీ మొదలు.

ఒత్తు_కింద_ఒత్తు:
మీ కొట్లాట మధ్యలో ఒకటి. తెలుగు టెక్స్ట్ లేయర్లు ఎవరైనా పరీక్షించారా? లేయర్ కొలతలు చెప్పే సోర్స్‌రెక్ట్ఎట్‌టైమ్ ఫంక్షన్ అక్షరాల అసలు హద్దులు ఇస్తుంది. "కల" పక్కన "స్వప్నం" పెట్టి అడుగు అంచులు కలపమంటే, వత్తులు కిందికి దిగే రెండో మాట పైకి ఎగిరి కూర్చుంటుంది. మధ్యకి కలిపినా అంతే, చూస్తే కళ్లు తిరుగుతాయి. పాయింట్ టెక్స్ట్‌లో (క్లిక్ చేసి నేరుగా టైప్ చేసేది) మొదటి లైను బేస్‌లైన్ (అక్షరాలు కూర్చునే గీత) లేయర్ కొలతల్లో వై సున్నా దగ్గరే ఉంటుంది, దాన్ని పట్టుకుని కలిపే ఆప్షన్ ఇవ్వండి. బాక్స్ టెక్స్ట్‌కి (పెట్టె గీసి అందులో టైప్ చేసేది) ఈ చిట్కా పనికిరాదని కూడా రాయండి.

లేయర్_లెక్కలు:
ఇది బంగారం లాంటి మాట. ఈ రాత్రికే చేరుస్తాను.

కొత్త_బిచ్చగాడు:
అన్నా, నేను అలైన్ నొక్కగానే లేయర్ స్క్రీన్ అవతలికి పోయింది. నల్‌కి (కనిపించని ఖాళీ లేయర్) పేరెంట్ చేసి ఉంది, అంటే దాంతో పాటే కదిలేలా జతచేశాను. స్క్రిప్టు పాడైందా?

స్క్రిప్టు_శాస్త్రి:
పేరెంట్ ఉన్న లేయర్ పొజిషన్ పేరెంట్ లెక్కలో ఉంటుంది, కాంప్ (లేయర్లన్నీ ఉండే కాంపోజిషన్) లెక్కలో కాదు. రాసినవాళ్లు మార్చుకోలేదన్నమాట. పొజిషన్ డైమెన్షన్లు విడదీసి ఉన్నా ఇదే తంతు: ప్రాపర్టీ దాగి ఉందని ఎర్రర్ ఇస్తుంది, ఎక్స్, వై విడివిడిగా సెట్ చేయాలి. నా టూల్‌లో ఇవన్నీ ఎప్పుడో ఉన్నాయి.

కీఫ్రేమ్_కింకరుడు:
మీ టూల్ లింక్ పెట్టండి, దాని డాక్యుమెంటేషన్ కూడా చూస్తాం.

స్క్రిప్టు_శాస్త్రి:
కోడ్‌లో కామెంట్లు ఉన్నాయి. చాలు.

రాత్రి_రెండర్:
హహహ.

లేయర్_లెక్కలు:
వీడియోనా రాతనా అన్నదానికి ఎవరూ జవాబివ్వలేదు, పోనీలెండి. మొదటి పేజీలో ఇన్‌స్టాల్, ఆ కిందే కీఫ్రేమ్‌లుంటే, పేరెంట్ ఉంటే, డైమెన్షన్లు విడదీస్తే ఏమవుతుందో పట్టిక వేస్తున్నా. కీఫ్రేమ్‌లన్నీ జరపడమే డిఫాల్ట్ చేస్తా, ఆగే ఫ్రేమ్‌కి వెళ్లి నొక్కమని బటన్ టూల్‌టిప్‌లోనే (మౌస్ పెడితే కనిపించే మాట) ఉంటుంది, దానికి రీడ్‌మీ తెరవక్కర్లేదు. బటన్ల స్క్రీన్‌షాట్లు తీసేస్తున్నా. మొత్తం ఒకే అన్‌డూ గ్రూపులో పెట్టాను, కంట్రోల్ జెడ్ ఒక్కసారి కొడితే అన్నీ వెనక్కి వస్తాయి.

కొత్త_బిచ్చగాడు:
అన్నా, మరి త్రీడీ లేయర్లకి?

లేయర్_లెక్కలు:
కెమెరా కోణం మారితే తెర మీద వరస చెదురుతుంది తమ్ముడూ. ప్రస్తుతానికి వాటిని వదిలేసి మెసేజ్ చూపిస్తుంది.